ఆ ఫోటో పంపింది నేనే

నాకు యాభై ఎనిమిదో ఏట అక్షరాలు వచ్చాయి. అంతకు ముందు రాయలేకపోవడంలో వింతేమీ లేదు. సుల్తానాబాద్ దగ్గరి మా ఊళ్లో నన్ను బడికి పంపలేదని చెప్పను. పంపారు. చంకన తమ్ముణ్ణి పెట్టి పంపారు. అవ్వా బాపూ నాట్లకు పోతే వాణ్ణి చూసుకోవాల్సింది నేనే. వాడు ఏడిస్తే సారు నన్ను బయటికి పొమ్మనేవాడు. వాడు రోజూ ఏడ్చేవాడు. బడి వసారాలో నిలబడి లోపలి పిల్లలు అరిచే ఎక్కాలు విన్నాను కానీ, పలక మీద ఏముంటుందో నాకు తెలియలేదు. పదహారో ఏట బొగ్గుబావిలో పనిచేసే మనిషికిచ్చి పెళ్లి చేశారు. కంపెనీ క్వార్టర్లో కాపురం. ఆయన పోయాక కూడా ఏ కాగితం వచ్చినా బొటనవేలు చాపాను.

అక్షరాలు వచ్చాక మరో రెండేళ్లు రాయలేదు. దానికి కారణం వేరు. రాయడం మొదలుపెడితే నేను చేసిన పని రాయాలి. మిగతావాళ్లు చేసినవే రాసి ఊరుకోగలిగితే ఎప్పుడో రాసేదాన్ని.

నాకు ఒక్కతే సంతానం. పుట్టినప్పుడు కొడుకన్నారు. మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్లంతా వచ్చి "బాయికి మనిషి పుట్టిండు" అన్నారు. బావి ఇళ్లల్లో లెక్క అదే. తండ్రి దిగిన బావిలోకి తరవాత కొడుకు దిగుతాడు. నా భర్త పోయినప్పుడు బిడ్డకు పంతొమ్మిదేళ్లు. ఆ ఉద్యోగం బిడ్డకు రావాలి. అంతకు ముందు ఒంటికి పరీక్షలు ఉంటాయి. చొక్కా విప్పి వరుసలో నిలబడాలి. పిలుపు వచ్చిన రోజు పొద్దున లోపలి గది తలుపు తెరుచుకుని బిడ్డ నా ఆకుపచ్చ చీర కట్టుకుని బయటికి వచ్చింది. "అవ్వా, నేను ఆడదాన్ని. గా లైన్ల నిలవడ" అంది.

నేను జుట్టు పట్టుకున్నాను. అప్పటికి ఆ జుట్టు భుజాలు దాటింది. పక్క క్వార్టర్లో ఉండే మా తోటికోడల్ని కేకేశాను. ఆమె వచ్చి చేతులు వెనక్కి విరిచి పట్టుకుంది. నా భర్త మీసాలు దిద్దుకునే కత్తెరతో ఎక్కడికి అందితే అక్కడికి కత్తిరించాను. చెవి కొస తెగింది. నేను ఆగలేదు. బిడ్డ ఏడవలేదు, తిట్టలేదు. కత్తిరించడం అయిపోయాక చీర విప్పి మడతపెట్టి మంచం మీద పెట్టి, చొక్కా తొడుక్కుని, పరీక్షకు పోకుండా కరీంనగర్ బస్సెక్కింది.

మాది మిషన్ చర్చి కుటుంబం. ఆ ఆదివారం ఆడవాళ్లంతా నా చుట్టూ చేరి, నా బిడ్డలో దూరినది వదిలిపోవాలని ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

తొమ్మిదేళ్లు మాటల్లేవు. కరీంనగర్‌లో రవికెలు కుడుతోందని, చేతిలో పని బాగుందని, తనలాంటి వాళ్లు ఇద్దరితో కలిసి ఒక గది తీసుకుందని నన్ను కన్న అవ్వ ద్వారా తెలిసేది. మా అవ్వ ఊళ్లో తమ్ముడి ఇంటికి దూరంగా, వేరే ఇంట్లో ఒక్కతే ఉండేది. మనవరాలు ఏడాదికి రెండుసార్లు పోయి చూసి వచ్చేది. తల మీద కొంగు కప్పుకుని మధ్యాహ్నం పూట దిగి, చీకటి పడకముందే తిరిగిపోయేది. ఊళ్లో ఎవరికీ ఆమె ఎవరో తెలియదు. మా అవ్వ నాకు ఫోన్ చేసి, "నీకంటె మంచిగ కుడ్తది, నీకంటె మంచిగ మాట్లాడ్తది" అనేది. నేను ఫోన్ పెట్టేసేదాన్ని.

ఇప్పుడు ఫోటో సంగతి.

మా చర్చి ఆడవాళ్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఎవరికి జబ్బు చేసినా, ఎవరి ఇంట్లో కష్టం వచ్చినా వాళ్ల ఫోటో అందులోకి వస్తుంది. కింద ఏదో రాసి ఉంటుంది. మాలో సగం మందికి చదువు రాదు. చదవాల్సిన పని కూడా లేదు. ఫోటో వస్తే చేతులు జోడించిన బొమ్మ నొక్కాలి, మనకున్న మిగతా గ్రూపులకు పంపాలి. ఎంతమంది చేతుల్లోకి పోతే అంత ప్రార్థన అని మా నమ్మకం. పంపని వాళ్లను ఆదివారం నాడు నవ్వుతూనే అడిగేవాళ్లు: "ఏం చెల్లె, వేలుకు ముల్లు గుచ్చిందా?" అట్లా అన్పించుకోకూడదని నేను ఏ ఫోటో వచ్చినా పంపేదాన్ని. కిడ్నీలో రాళ్లతో బాధపడే ముసలాయనను, కాన్పు కష్టమైన పిల్లను, కాలు విరిగిన పాస్టర్ గారి బావమరిదిని, అందరినీ పంపాను.

ఒక పొద్దున బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఫోన్ మోగింది. తెరిచి చూస్తే నా బిడ్డ.

తొమ్మిదేళ్ల తరవాత ఆ ముఖం. ఎర్ర అంచు పసుపు చీర, జడ, నుదుట చిన్న బొట్టు. చంకలో ఏడాది పాప. ఇద్దరూ నవ్వుతున్నారు. పాప చేయి నా బిడ్డ చెంప మీద ఉంది. ఫోటో మీద ఎర్ర అక్షరాలు, కింద ఇంకా చాలా అక్షరాలు. చర్చి గ్రూపులోకి నా బిడ్డ వచ్చింది. ఎవరో పెట్టారు. అంటే వీళ్లు మనసు మార్చుకున్నారు, ఇక దాచాల్సిన పని లేదు అనుకున్నాను.

పిట్టగోడ దగ్గరికి పోయి తోటికోడల్ని పిలిచాను. ఆమె ఏడో తరగతి చదివింది. ఏ కాగితమైనా ఆమే చదివి చెప్పేది.

"చెల్లె, జర చూడు. ఏమని రాసిన్రు?"

ఆమె ఫోన్ తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"మంచిగనే రాసిన్రక్కా."

"మంచిగంటే ఏమని?"

"పిల్లలంటె పాణమట."

"మరి పంపాల్నా?"

"అందరికి పంపుమనే రాసిన్రు" అని ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

చేతులు జోడించిన బొమ్మ నొక్కాను. ఎర్ర గుండె బొమ్మ కూడా నొక్కాను. మా లైన్ ఆడవాళ్ల గ్రూపుకు, చుట్టాల గ్రూపుకు, తమ్ముడు నన్ను చేర్చిన మా ఊరి గ్రూపుకు పంపాను. మా ఊరి గ్రూపుకు రెండుసార్లు పంపాను, చూడనివాళ్లు చూస్తారని. ఆ పూట అన్నం ఎక్కువ తిన్నాను.

ఆ ఫోటో నా బిడ్డ తన పేజీలో తనే పెట్టుకున్నది. ఆ పాప ఇంటి ఓనరమ్మ మనవరాలు. అక్కడి నుంచి ఎవరో తీసి, దాని మీద వేరే మాటలు రాశారు. ఆ మాటలు ఇవి: ఇది ఆడవేషం వేసుకుని పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మనిషి. చంకలో ఉన్నది ఎత్తుకొచ్చిన పిల్ల. మన దిక్కే తిరుగుతోంది. కనిపిస్తే వదలకండి. మీ పిల్లల మీద ప్రేమ ఉంటే అందరికీ పంపండి.

నాలుగు రోజులకు నా బిడ్డ మా అవ్వను చూడటానికి ఊరికి పోయింది. ఆటో దిగి, అడ్డా దగ్గరి దుకాణంలో బిస్కెట్లు కొన్నది. దుకాణం ముందు ఆడుకుంటున్న పిల్లకు ఒకటి ఇచ్చింది. చేతిలో సంచి ఉంది. అందులో మా అవ్వకు కుట్టిన రెండు రవికెలు ఉన్నాయి. ఎవరో ఫోన్ తీసి ముఖంతో పోల్చి చూశారు.

కొట్టినదంతా రాయను. కేసు నడుస్తోంది, రాయొద్దని వకీలు చెప్పాడు. కొట్టిన చోటు నుంచి మా అవ్వ ఇల్లు కేక వేస్తే వినపడేంత దూరం. నా బిడ్డ కేక వేసింది కూడా. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దొరికారన్న అరుపులు విని మా అవ్వ తలుపు మూసి గొళ్లెం పెట్టుకుంది. ఆ గొళ్లెం సంగతి తలుచుకుంటూనే ఆర్నెల్లకు చచ్చిపోయింది.

కొడుతున్నప్పుడు వీడియో తీసి, ఫోన్లో అందరూ చూసే చోట పెట్టారు.

నాకు కబురు మూడో రోజు వచ్చింది. కరీంనగర్ సర్కారు దవాఖానకు పోయాను. మంచం మీద ఉన్నది నా బిడ్డ అని చెవి కొసను చూసి గుర్తుపట్టాను. దవడ విరిగింది. పళ్లను పళ్లతో కలిపి తీగ కట్టారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు, నలకలేని జావ తప్ప ఏమీ పెట్టకూడదు అన్నారు. పక్కన ఒకామె నిలబడి ఉంది. నా బిడ్డలాంటిదే, వయసులో పెద్దది. నా బిడ్డ ఆమెను అక్క అంటుంది. నన్ను పైనుంచి కిందికి చూసి చప్పట్లు కొట్టింది.

"వచ్చినవా తల్లీ? రా, సూస్కో. నీ ఫోటో మస్తు నడిచింది."

"నా ఫోటో ఏంది?"

"మీ ఊరి గ్రూపుల ఏసింది ఎవలు? నీ నంబరే ఉన్నది. పైకెల్లి దండం బొమ్మ గూడ పెట్టినవట. దండం పెట్టి మరీ కొట్టిపిచ్చినవ్."

నేను ఒట్టు పెట్టాను. మంచిగ రాశారనుకున్నానని చెప్పాను. ఆమె ఫోన్ తీసి, పైన రాసిన మాటలు ఒక్కొక్కటీ గట్టిగా చదివింది. పక్క మంచాల వాళ్లు కూడా విన్నారు.

"నాకు సదువు రాదు బిడ్డా" అన్నాను.

"సదువు రాదు గని పంపుడు వచ్చు" అంది.

మంచం మీద నా బిడ్డ కళ్లు తెరిచే ఉన్నాయి. అన్నీ విన్నది.

వాళ్ల గదికి తీసుకొచ్చాక నేనూ అక్కడే ఉండిపోయాను. ఎవరూ ఉండమనలేదు. మిగతా ఇద్దరూ పగలంతా పనుల మీద పోయేవాళ్లు. జావ కాచేందుకు, మోసి బాత్రూముకు తీసుకుపోయేందుకు ఒక మనిషి కావాలి కాబట్టి ఊరుకున్నారు. నా బిడ్డ మాట్లాడలేదు. ఏది కావాలన్నా పలక మీద రాసేది. నేను పలకను అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్లో, దుప్పటో, ఏదో ఒకటి తెచ్చేదాన్ని. ఒక రోజు ఒకే ఒక్క అక్షరం రాసి చూపింది. నీళ్లు తెచ్చాను, కాదంది. జావ తెచ్చాను, కాదంది. మళ్లీ అదే అక్షరం పెద్దగా రాసి చూపింది. దగ్గర కూర్చోమంటోంది అనుకుని మంచం మీద కూర్చుని కాళ్లు ఒత్తాను. గోడ వైపు తిరిగిపోయింది.

పొద్దుగూకి అక్క వచ్చాక పలక చూపించాను. చూసి పగలబడి నవ్వింది.

"పొద్దట్నుంచి గిదే రాస్తున్నదా? 'పో' అన్నది తల్లీ. పో అంటె గూడ పోతలేవు, గంత మొండిదానివి."

నేను నేర్చుకున్న మొదటి అక్షరం అది.

మర్నాడు అక్కను అడిగాను, ఆ వీడియో కింద ఏం రాశారో చదవడం నేర్పమని. "వద్దు తల్లీ, నీకెందుకు గది? బైబిల్ సదువుకో" అంది. మంచం మీద నుంచి నా బిడ్డ పలకను టకటకా కొట్టింది. ఏదో రాసింది. అక్క చదివి నా వైపు చూసింది. "నేర్పుమంటున్నది. అవే నేర్పుమంటున్నది."

అట్లా మొదలైంది. రోజుకు ఒక మాట. ఆ మాటలు రాసిన వాళ్లకు పేర్లున్నాయి, ఫోటోలున్నాయి. ఒకరి ఫోటోలో గుడి, ఒకరి ఫోటోలో వాళ్ల పాప పుట్టినరోజు కేకు. "ఇంకో రెండు తగలాలె." "ఆడదాన్నంటడు, చీర విప్పి చూపియ్యి." "గిట్లాంటోళ్లను పుట్టంగనే వడ్లగింజ ఏసి సంపాలె." ఒత్తులు, గుడులు, దీర్ఘాలు అన్నీ వీటిలోనే నేర్చుకున్నాను. నేను తప్పు చదివితే నా బిడ్డ పలకతో నా మోకాలి మీద కొట్టేది. దెబ్బ గట్టిగానే తగిలేది. సరిగా చదివితే ఏమీ అనేది కాదు, తరవాతి మాట మీద వేలు పెట్టేది.

రెండో నెల వచ్చేసరికి దవడ తీగ తీసేశారు. అయినా నా బిడ్డ బయటికి పోలేకపోయింది. ఒకసారి దారాల కోసం బజారుకు పోయింది. దుకాణంలో ఒకామె తన పిల్లను వెనక్కి లాక్కుని, ఫోన్లో వీడియో పెట్టి ముఖం ఎదురుగా పట్టింది. నలుగురు పోగయ్యారు. అక్క వచ్చి అరిచి గోల చేసి తీసుకొచ్చింది. వీడియో ఉన్నన్ని రోజులు ప్రతి బజారూ మా ఊరి ఆటో అడ్డానే. ఓనరమ్మ మంచిది, మనవరాలిని తీసుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టేది. ఆమె కొడుకు మాత్రం, "నెల లోపల వీడియో పోతె సరే, లేకుంటె గది ఖాళీ చెయ్యుండ్రి, మా పిల్ల మొఖం గూడ తిరుగుతున్నది" అన్నాడు. అతని మాటలో అన్యాయం లేదు.

వీడియోను తీసెయ్యమని అడిగే పద్ధతి ఉంది. దాని మీద నొక్కితే ఎందుకు తీసెయ్యాలో అడుగుతుంది. కొన్ని కారణాలు వరుసగా వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. నాకు చదవడం వచ్చాక మొదటి పది రోజులు నా ఫోన్లో నేనే నొక్కాను. అందులో 'నాకు ఇది నచ్చలేదు' అని ఒకటి ఉంది. నాకు నచ్చలేదు కాబట్టి అది నొక్కాను. మళ్లీ ఎక్కడ కనిపిస్తే అక్కడ, రోజూ అదే నొక్కాను. అది నొక్కితే ఎవరూ ఏమీ చెయ్యరని, వీడియో నా ఒక్కదానికి కనపడకుండా పోతుందని అక్క చూసి చెప్పేదాకా తెలియదు.

"నీకు నచ్చకుంటె ఆళ్లకేంది తల్లీ? నీకు నచ్చలేదని సూర్యుణ్ణి దించుతరా?"

ఆ వీడియో పేజీలు నడిపే కంపెనీకి నియమాలున్నాయి. తెలుగులో కూడా ఉన్నాయి. వారం రోజులు కూర్చుని చదివాను. అది మనుషులు మాట్లాడే తెలుగు కాదు కానీ విషయం అర్థమైంది. ఒక మనిషి ఆడా, మగా, ఇంకోటా అన్నదాన్ని పట్టుకుని పురుగని, రోగమని అనకూడదు. కొట్టమని, చంపమని రాయకూడదు. దెబ్బలు తింటున్న మనిషిని చూపించి నవ్వకూడదు. నా బిడ్డకు జరిగినవన్నీ అందులో వరుసగా ఉన్నాయి, ఎవరో మా ఊరికి వచ్చి చూసి రాసినట్టు. అక్కకు చదివి వినిపిస్తే, "కాయిదం మీద మనం రాణులం తల్లీ" అంది.

సరైన కారణం ఎంచుకుని నొక్కాం. అక్క స్నేహితులు పాతిక మంది ఒకే రోజు నొక్కారు. గంటలో జవాబు వచ్చింది. చూశామని, నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని. కింద రాసిన మాటల మీద ఒక్కొక్కటిగా నొక్కాం. నాలుగు తీశారు. మిగతావి ఉంచారు. అందులో ఒకటి ఇది: "ఈసారి మన జాతరకు దీన్నే గావు పడదాం." పక్కన నవ్వే బొమ్మలు మూడు. దాని కింద యాభై మంది సరేనన్నారు. నియమాలకు విరుద్ధం కాదని జవాబు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. చదివింది యంత్రమో మనిషో తెలియదు, మనిషే అయినా మా దిక్కు జాతర చూసిన మనిషి కాదు. మేకపిల్ల గొంతును పళ్లతో కొరికి చంపడాన్ని గావు పట్టడం అంటారని ఆ మనిషికి ఎవరు చెప్పాలి? బూతులున్న ఆ నాలుగూ తీసేశారు. బూతు లేకుండా చావు మాట్లాడినవన్నీ ఉండిపోయాయి.

రూళ్ల నోటుబుక్కు తెప్పించాను. ఎడమ వైపు వాళ్లు రాసిన మాట, కుడి వైపు ఆ మాటకు మా దిక్కు అర్థం. అక్కర్లేదనుకున్న ఆడపిల్ల పుడితే గొంతులో వడ్లగింజ వేసి చంపేవాళ్లని రాశాను. గావు గురించి అరపేజీ రాశాను. నా జీవితంలో నేను మొదట రాసినది అదే. హైదరాబాద్‌లో ఇట్లాంటి కేసులు చూసే ఒక లాయరమ్మ అక్కకు తెలుసు. ఆమె దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపుతానంది.

రాస్తుండగా ఒక మాట దగ్గర ఆగాను. అందులో కష్టమైన అక్షరాలు లేవు. ఎవరి సాయం లేకుండా, కూడబలుక్కోకుండా ఒక్కసారికే చదివేశాను.

"మంచిగైంది. తల్లి మెత్తగ ఉంటె గిట్లనే అయితది."

పక్కన ఫోటో మా తోటికోడలిది. ఈస్టర్ నాటి తెల్ల చీర.

ఫోన్ చేశాను.

"చెల్లె, గా దినం ఫోటో మీద ఏమున్నదో నువ్వు సదివినవ్ గదా?"

"సదివిన."

"మరి మంచిగనే రాసిన్రని ఎందుకు చెప్పినవే?"

"నువ్వు గంత సంబురంగ వస్తివక్కా. తొమ్మిదేండ్లాయె, నీ మొఖం మీద నవ్వు సూసి. ఎట్ల చెప్పాలె? నోరు రాలే."

"పంపుమన్నవ్ గదనే."

"నేనేడ పంపుమన్న? పంపుమని రాసిన్రంటి. ఉన్నదే చెప్పిన."

"మరి వీడియో కింద రాసినవ్. గా నోరెట్ల వచ్చింది?"

"నీకు సదువస్తదని నాకేం ఎరుక?" అంది. అని, ఏడ్చింది. తరవాత ఏడుపు ఆపి, "జుట్టు నువ్వు గత్తిరించినవ్. నేను చేతులు పట్టుకున్న. ఇప్పుడు నువ్వు తల్లివైనవ్, నేను దయ్యాన్నైననా?" అంది.

ఫోన్ పెట్టేసి, వీడియో కింద ఆమె రాసిన మాటను కూడా నోటుబుక్కులో రాశాను. అక్క భుజం మీదుగా చూసింది.

"సుట్టమా?"

"తోటికోడలు."

"రాయి. సుట్టాల కోసం వేరే నియమాల్లేవు."

నోటుబుక్కు లాయరమ్మకు పోయాక, అన్నింటికంటే ముందు తోటికోడలి మాట మీదే జవాబు వచ్చింది. అందులో ఏ నియమానికీ విరుద్ధమైనది లేదని. నేను పదిసార్లు చదివాను. నిజమే, లేదు. మంచిగైంది అనడం తప్పని ఏ కంపెనీ రాస్తుంది?

ఓనరమ్మ కొడుకు ఇచ్చిన నెలలో ఇంకా ఆరు రోజులుండగా ఒక సాయంత్రం లాయరమ్మ ఫోన్ చేసింది. వీడియో తీసేశారు. ఎక్కడెక్కడ మళ్లీ పెట్టారో అక్కడక్కడా తీశారు. గావు పడదామన్న మనిషి పేజీనే ఆపేశారు. ఇంగ్లీషులో పోయిన ఒక్క ఉత్తరంతో నాలుగు రోజుల్లో అయింది. మేము తెలుగులో నొక్కినన్ని రోజులూ కానిది. అక్క చప్పట్లు కొట్టి, ఓనరమ్మ మనవరాలిని ఎత్తుకుని గదంతా తిరిగింది. మిఠాయి తెప్పించింది. నేను ఒకటి తీసుకుని నా బిడ్డ నోటి దగ్గర పెట్టాను. దవడ ఇంకా పూర్తిగా తెరుచుకోదు. తినలేదు. నా చేతిని పక్కకు జరిపింది.

"వీడియో పోయింది. ఫోటో?"

గాయం తరవాత నాతో నోరు తెరిచి అన్న మొదటి మాట అది. మాట కొద్దిగా వంకరగా వస్తోంది.

"ఫోటో గూడ తీసిన్రట బిడ్డా, లాయరమ్మ..."

"పేజీల మీద ఉన్నయి తీసిన్రు. నువ్వు పంపింది? గ్రూపుల పోయింది ఒక్కొక్కల ఫోన్ల కూసున్నది. అది ఏ కంపెనోడు తీస్తడవ్వా? మీ ఊరోళ్లు ఇయ్యాల గూడ అదే సూస్తున్నరు. రేపు అమ్మమ్మ సస్తె నేను పోవద్దా?"

నేను నా ఫోన్ తీశాను. నేను పంపినవి తీసెయ్యాలని చూశాను. సమయం దాటిపోయింది, నా దగ్గర మాత్రమే పోతుంది, వాళ్ల దగ్గర పోదు అని అందులో రాసి ఉంది. చదివి వినిపించాను.

"తెల్సు" అంది నా బిడ్డ. గోడ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు సుల్తానాబాద్ పోయి, ఆటోలో మా ఊళ్లో దిగాను. ముందు తమ్ముడి ఇంటికి పోయాను. నేను చంకనేసుకుని తిరిగినవాడు. బ్రష్ నోట్లో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఫోన్ తే."

"ఏమైందక్కా?"

"గా ఫోటో తీసెయ్యాలె."

"గదెప్పుడో పోయిందక్కా. ఇంకేడుంటది?"

"సూపియ్యి."

ఉంది. వాడి భార్య ఫోన్లో కూడా ఉంది. నా వేలితోనే తీసేశాను. తరవాత వాళ్ల ఎదురింటికి, ఆ పక్కింటికి పోయాను. ఒకాయన నన్ను చూసి తలుపు వేసుకున్నాడు. ఒకామె నా ముందే తీసేసి, చాయ్ తాగి పొమ్మంది. ఒకడు, "ముసలిదానా, నువ్వు పంపుడేంది, నువ్వే తీసుడేంది, నీకేమన్న పిచ్చి లేసిందా?" అని ఇంట్లోవాళ్లను పిలిచి నవ్వాడు. అయినా ఫోన్ ఇచ్చాడు. అందులో ఫోటోతో పాటు వీడియో కూడా ఉంది. రెండూ తీసేశాను.

చివరికి ఆటో అడ్డా దగ్గరి దుకాణానికి పోయాను. ఆ రోజు బిస్కెట్ తీసుకున్న పిల్ల ఆ దుకాణపామె బిడ్డే. నన్ను చూడగానే ఆమెకు అర్థమైంది. తక్కెడ పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"నీ బిడ్డ అని మాకేం ఎరుకక్కా? ముందుగాల ఒక్క మాట చెప్తె ముట్టకపోదుము."

"ఎవల బిడ్డైతె ముట్టుదురు?"

ఆమె తక్కెడను మళ్లీ దగ్గరికి లాక్కుంది. లోపల పిల్ల పలక మీద ఏదో గీస్తూ తలెత్తి చూసింది.

"ఫోన్ తే చెల్లె."

"చార్జింగ్ లేదక్కా."

"పెట్టు" అన్నాను. "ఎక్కేదాక ఉంట."

గడప మీద కూర్చున్నాను. బేరానికి వచ్చినవాళ్లు నన్ను దాటుకుని లోపలికి పోయారు.